గవరమ్మ గాజుముక్కలు

అనగనగా ఒక ఊరు. దాని పేరు రాజుగారికే గుర్తులేదు, మనమూ అడగవద్దు.

ఆ ఊళ్లో పెళ్లికాని గవరమ్మకు, అమ్మానాన్నలు పోయాక మిగిలింది ఒక గుడిసె, ఒక గంప. జాతర ముగిసేలోగా నీ తిండి నువ్వు సంపాదించుకో, లేదంటే మా ఇంటికొచ్చి అంట్లు తోముకుంటూ పడి ఉండు అంది వదిన. ఆ ఇంటి అంట్లు చూసినవాళ్లెవరూ ఆ మాటను దయ అనుకోలేదు.

పాత సామాను ఏరి అమ్ముదామనుకుంది గవరమ్మ. ఏ సామాను?

మొదటిరోజు పాత ఇనుము అడుగుతూ తిరిగింది. మునసబుగారు వంకర మేకును సైతం మొలతాడుకు కట్టుకుని తిరిగే మనిషి. తక్కినవాళ్లు ఆయనకన్నా జాగ్రత్తపరులు. మరునాడు చింకిగుడ్డలు అడిగింది. ఆ ఊళ్లో చీర ముందు బొంతవుతుంది, తర్వాత మసిగుడ్డవుతుంది, చివరికి దీపంలో ఒత్తవుతుంది. పోగు కూడా మిగలదు.

మూడోనాడు ఏమీ అడగలేదు. ఈ జనం అసలు పారేసేదేమిటో చూస్తూ నడిచింది. ఊరిచివర తుమ్మచెట్టు కింద గాజుముక్కలు కుప్పగా మెరుస్తున్నాయి. చేతిగాజు పగిలితే ముక్క ఇంట్లో ఉంచకూడదు, అరిష్టం. అంత పిసినారి ఊరూ దీన్ని మాత్రం పనిగట్టుకుని మోసుకెళ్లి పారేసేది.

గవరమ్మ గంప నింపుకుని పొరుగూరి గాజుల బట్టీకి వెళ్లింది. సగం గాజులు నీకు, సగం నాకు అని ఒప్పుకుని బట్టీ యజమాని పుల్లన్న ముక్కలను మట్టి మూసలో పోసి నిప్పుల్లో పెట్టాడు. ఎర్రవి, నీలివి, పచ్చవి మెత్తబడ్డాయి. ఒకదానిలో ఒకటి కరిగాయి. చివరికి ఉదయించే సూర్యుడిలాంటి ముద్ద ఒకటి, ఊపిరి ఉన్నట్టే మెల్లగా కదిలింది. గవరమ్మ తనకు తెలియకుండానే చేతులు జోడించింది. చల్లారిన గాజులకు నెమలిమెడ రంగు వచ్చింది.

"కొత్త గాజని చెప్పి అమ్ముకోమ్మా. నిజం చెబితే ఒక్కరూ ముట్టుకోరు," అన్నాడు పుల్లన్న.

జాతరలో ఆడవాళ్లంతా మూగారు. అలాంటి రంగు ఎవరూ ఎరగరు. ఇవి ఎక్కడివని ముసలి సూరమ్మ అడిగింది. నోరు మెదపకపోతే గంప ఖాళీ అవుతుంది, అంట్లు తప్పుతాయి.

"మన ఊరివే అత్తా. మీరంతా పారేసిన ముక్కలే."

చేతులన్నీ వెనక్కి వెళ్లాయి. మునసబుగారి భార్య తొడుక్కున్న గాజు తీయబోయింది, రాలేదు. వదిన అప్పుడే ఇంట్లో గిన్నెలు తలుచుకుని నవ్వుకుంది.

సూరమ్మ కదలలేదు. నిరుడు ఆమె కూతురు పురిట్లో పోయింది. ఆ పిల్ల పచ్చగాజులు పగలగొట్టి ఆమే తుమ్మచెట్టు కింద పారేసి వచ్చింది.

"మా పిల్లవి ఇందులో ఉన్నాయా?"

"ఉన్నాయత్తా. నేనే ఏరాను."

సూరమ్మ ఒక గాజును ఎండకెత్తి చూసింది. లోపల ఎక్కడో సన్నటి పచ్చజీర. "తొడుగమ్మా," అని చెయ్యి చాచింది.

ఎప్పుడూ అందరూ ఒకేసారి మాట్లాడే ఆ ఊరు వరసలో నిలబడింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చి, మా అమ్మవి ఉన్నాయా, మా చెల్లెలివి ఉన్నాయా అని మెల్లగా అడిగి చేతులు చాచారు. ఆఖరి జత వదిన తీసుకుంది. బేరమాడలేదు. అలాంటి వింత ఆ ఊళ్లో అంతకుముందు జరగలేదు.

పిల్లలూ, అందరూ వద్దని పారేసిన చోట వెతికితే పని దొరుకుతుంది, సరుకు పుట్టుక దాచకుండా చెబితేనే ఆ పని నిలుస్తుంది.