కాటాను తప్ప ఎవరినీ నమ్మని వీరాంజనేయులు

గుంటూరులో వీరాంజనేయులు అనే మిర్చి వ్యాపారి ఉండేవాడు. తన కాటాను తప్ప లోకంలో దేన్నీ నమ్మేవాడు కాదు. పాలవాడు నవ్వితే పాలలో నీళ్ళు కలిపాడనేవాడు, నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడనేవాడు.

మనిషి భారీ. ఒకరోజు మెట్లెక్కుతూ ఆయాసంతో కూలబడితే, భార్య శేషారత్నం డాక్టరు సుభాషిణి దగ్గరికి తీసుకువెళ్ళింది. పరీక్షలో రక్తంలో చక్కెర, కొవ్వు బాగా పెరిగాయని తేలింది. డాక్టరు మాత్రలు రాసి, రోజూ చురుగ్గా నడవమంది.

"రెండూ చెయ్యాలి. ఒకటి పట్టుకుని రెండోది వదిలేస్తే కుదరదు. అశ్రద్ధ చేస్తే కళ్ళకు ముప్పు" అని గట్టిగా చెప్పింది.

ఆయన ప్రతి మాత్రా వాసన చూసి మరీ మింగాడు. భార్య తోడు వస్తే, "నా మీద నిఘా పెట్టిందా ఆ డాక్టరమ్మ?" అని గొణుగుతూనే నడిచాడు. కొన్ని నెలలయ్యాక మళ్ళీ పరీక్ష చేస్తే చక్కెర, కొవ్వు రెండూ దిగాయి.

వీరాంజనేయులు నేరుగా కొట్టుకు వెళ్ళి, బస్తాలు తూచే కాటా ఎక్కాడు. బరువు దాదాపు ఎక్కడిదక్కడే ఉంది!

"చూశావుటే మోసం! రక్తం తీసేదీ వాళ్ళే, దిగిందని చెప్పేదీ వాళ్ళే" అన్నాడు భార్యతో.

"పోనీ, ఇంకోచోట చేయించుకోండి" అంది శేషారత్నం.

చేయించుకున్నాడు. అక్కడా అదే తేలింది.

"ఇద్దరూ కూడబలుక్కున్నారే!" అన్నాడు.

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ రోజు నుంచి మాత్రలూ మానేశాడు, నడకా మానేశాడు. శేషారత్నం బతిమాలింది, అలిగింది, ఏడ్చింది. "ఓహో, నువ్వూ వాళ్ళతో కలిశావన్నమాట" అన్నాడు. కట్టుకున్న భార్యను అనవలసిన మాటేనా అది?

మిర్చి సీజను వచ్చింది. కాయ రంగు చూసి రకం చెప్పడంలో మార్కెట్ యార్డులో వీరాంజనేయులుకు ఎదురులేదు. ఒక ఉదయం ఓ రైతు తెచ్చిన కాయలు గుప్పెట పట్టి, "భేష్! ఏం ఎరుపయ్యా!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. అవి రంగు పోయి తెల్లబారిన తాలు కాయలు.

"ఎగతాళి చేత్తున్నారా అండీ? తాలని నేనే చెప్పి తెచ్చాను గదా!" అన్నాడు రైతు, మొహం చిన్నబుచ్చుకుని.

"అందరూ కలిసి నన్ను..." అనబోయి వీరాంజనేయులు ఆగిపోయాడు. కాయల్ని కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. ఎరుపేదో తెలుపేదో తెలియకుండా అంతా మసక. ఆయనకు మొదటిసారి భయం వేసింది.

డాక్టరు చూసి, చక్కెర మళ్ళీ విపరీతంగా పెరిగిందంది. "ఎందుకు మానేశారు?" అని అడిగింది.

"కాటా మీద బరువు దిగలేదమ్మా."

"మిర్చి కొనేటప్పుడు బస్తా బరువొక్కటే చూస్తారా?"

"అదెట్లా? నీళ్ళు చల్లి తెచ్చేవాళ్ళుంటారు. లోపలికి చెయ్యి పెట్టి, కాయ విరిచి చూడొద్దూ?"

"రక్తపరీక్షా అంతేనండీ. బరువు నిదానంగా దిగుతుంది. లోపల మేలు ముందే మొదలైంది. మీరే చెడగొట్టుకున్నారు" అంది డాక్టరు.

మళ్ళీ మాత్రలు, మళ్ళీ నడక. చక్కెర దిగింది, కుడికన్ను తేటపడింది. ఎడమకంట్లో మసక మాత్రం పోలేదు. ఇప్పుడు శేషారత్నాన్ని యార్డుకు వెంటబెట్టుకుని వెళ్తున్నాడు. ఆవిడ ఎరుపంటే ఎరుపు, తాలంటే తాలు.

నీతి: అనుమానం వస్తే పరీక్షించి తీర్చుకోవాలి, పరీక్షలో తేలిన నిజాన్ని కూడా అనుమానించేవాడు తన చేటు తానే తెచ్చుకుంటాడు.