జేబులో రిమోట్

ఏడు నెలల పసిబిడ్డ ఒంట్లో పరమాత్మ నెత్తురు ఎంత పోస్తాడో తెలుసా అండీ? మన ఇంట్లో నీళ్లు తాగే గ్లాసులతో కొలిస్తే రెండు నిండి, మూడోది అడుగున తడుస్తుంది. అంతే.

ఆ రోజు ఆపరేషన్ గదిలో అలాంటి పాపే బల్ల మీద ఉంది. మెదడులోని కణితి సగం తీశారు. కారే రక్తం మాత్రం గడ్డకట్టనంటోంది. నీళ్లలా పలచగా జారిపోతోంది.

మత్తు డాక్టరు ప్రసూన చెయ్యాల్సిందల్లా చేసింది. రక్తం వేడిచేసి ఎక్కించింది. గడ్డకట్టే మందులిచ్చింది. బిడ్డ ఒళ్లు చల్లబడితే అవేవీ పనిచేయవని ఆమెకు తెలుసు. ముప్ఫై ఏడు ఉండాల్సిన పాప ఒంటి వేడి తెర మీద ముప్ఫై నాలుగు డిగ్రీలే కనిపిస్తోంది.

“సార్, ఏసీ కాస్త తగ్గించమంటారా?” అని అడిగింది కూడా.

“నా చెమట చుక్క పాప మెదడులో పడాలా?” అన్నాడు సర్జన్ భుజంగరావు, తలెత్తకుండానే. అంత చెయ్యి తిరిగినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ప్రసూన నోరు మూసుకుని, తనకు మత్తు పని నేర్పిన గురువు సుభానీ గారికి కబురంపింది.

ఆయన రాగానే గొణిగింది. “మీరైనా ఆయనకు చెప్పండి సార్.”

సుభానీ గారు పాప మీది దుప్పటి అంచు ఎత్తారు. “చెయ్యి పెట్టమ్మా.”

ఆ చిన్ని అరికాలు మంచుగడ్డలా ఉంది.

ఆయన రిమోట్ తీసి ఏసీ ఆపారు. దాన్ని ప్రసూన జేబులో వేసి, వెళ్లి గోడ పక్కన నిలబడ్డారు. మాస్కు వెనక పెదవులు కదులుతున్నాయి. దువా కాబోలు. ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకునే చోటే కదండీ అది.

కాసేపటికి సర్జన్‌కు ఉక్కపోసింది. “ఏసీ ఎవరు ఆపారు? రిమోటేదీ?”

ప్రసూన గురువు వైపు చూసింది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు.

“నా దగ్గరుంది సార్.”

“వెయ్యి.”

“వెయ్యను.”

నర్సు చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది.

“ఏమన్నావ్?”

“పాప చల్లబడింది సార్. అందుకే రక్తం ఆగడం లేదు. కోయడం ఆపి, దూది అదిమి పట్టుకోండి. వేడెక్కాక నేను చెబుతాను. మీ చెమట సిస్టర్ తుడుస్తుంది. ఈ బిడ్డ నెత్తురు మాత్రం ఇంక పోనివ్వను.”

“బయటికొచ్చాక నీ సంగతి చూస్తా.”

“చూద్దురుగాని సార్. ముందు అదిమి పట్టండి.”

భుజంగరావు పళ్లు కొరికాడు. చెయ్యి మాత్రం దూది మీదే ఉంచాడు. నర్సు ఆయన నుదురు తుడుస్తూనే ఉంది. చాలాసేపటికి, ప్రసూన సరేనన్నాక, దూది మెల్లగా ఎత్తి చూశాడు. రక్తం చిక్కబడి, జిగురుగా, పేరుకున్న చోటే నిలిచి ఉంది.

ఆయన దానివైపే చూస్తూ అడిగాడు. “మొదలెట్టమంటావా?”

సాయంత్రం తల్లి పాప పాదాలు తడిమి, “వెచ్చగా ఉన్నాయి” అన్నాక, ప్రసూన రిమోట్ తీసుకెళ్లి గురువుగారి బల్ల మీద పెట్టింది.

“ఆ ముక్క మీరే చెప్పి ఉంటే నాకీ తిట్లు తప్పేవి కదా సార్.”

సుభానీ గారు రిమోట్‌ను ఆమె వైపే జరిపారు.

“రేపు నాకు సెలవమ్మా” అన్నారు.