కాడి ఎత్తుకున్న జెకరయ్య

అనగా అనగా, మా ఊరి బాటకి ఇంకా కంకర పడని కాలంలో, జెకరయ్య అని ఓ బండివాడు ఉండేవాడు. పొద్దున తాగేవాడు, మధ్యాహ్నం తాగేవాడు, పొద్దుగూకినాక తాగేవాడు. మనసు మంచిది కాబట్టి ఎడ్లక్కూడా కుడితిలో చెరో ముంత కల్లు పోసేవాడు.

ఒక ఎండాకాలం పాస్టరయ్యగారి మాటలకి గుండె కరిగి, ఏట్లో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడు. "ఇక నా యజమాని దేవుడే, కల్లు కాదు" అన్నాడు.

ఆ సంగతి ఎడ్లకి ఎవరూ చెప్పలేదు.

మొదటి ఆదివారం పెళ్లాం రాహేలమ్మని బండెక్కించుకుని మందిరానికి బయల్దేరాడు. దారిలో మలుపు. కుడికి పోతే మందిరం, ఎడమకి పోతే తాటితోపు. ఎడ్లు ఎడమకి తిరిగాయి. "నేనేం చేసేదే, ఎడ్లు తెచ్చాయి" అని తాగాడు.

రెండో ఆదివారం ఎడ్లకి గంతలు కట్టాడు. వాసన పట్టుకుని ఎడమకే తిరిగాయి. "నేనేం చేసేదే, ఎడ్లు తెచ్చాయి" అని తాగాడు.

మూడో ఆదివారం ఎడ్లు తల తిప్పగానే రాహేలమ్మ అడిగింది. "ఏట్లో మునిగింది నువ్వా, ఎడ్లా?"

జెకరయ్య దిగి ఎడ్లని విప్పేశాడు. అవి తోపులోకి పోయాయి. కాడి తన భుజాలకెత్తుకున్నాడు.

కల్లుగీసే లింగయ్య తోపులోంచి కేకేశాడు. "ఎండ మండుతోంది జెకరయ్యా, ఒక్క ముంత తాగి లాక్కో."

గొంతు పీక్కుపోతోంది. కాళ్లు ఎడమకే పోతున్నాయి. దారి మరిగింది ఎడ్లు కాదు, తన కాళ్లేనని అప్పుడు తెలిసింది. కళ్లనీళ్లు తిరిగాయి.

"ఇన్నేళ్లు ముంతకి ఊడిగం చేశాను లింగయ్యా. ఇక చెయ్యను" అన్నాడు. పెళ్లాం వైపు తిరిగి, "కాస్త దిగవే, బరువు తగ్గుద్ది" అన్నాడు.

"బరువు తగ్గితే తోపులోకి పరిగెత్తుతావు. లాగు" అంది రాహేలమ్మ.

లాగాడు. మందిరం చేరేసరికి ఆఖరి పాట కూడా అయిపోయింది. పాస్టరయ్యగారు వాణ్ణి చూసి మొదటి పాట మళ్లీ ఎత్తుకున్నారు. ఇళ్లలో కూరలు మాడుతున్నాయని జనం గొణిగారు గానీ, పాడారు.

దాహం పోయిందా అని ఎవరడిగినా పోలేదనేవాడు జెకరయ్య. కన్నుమూసేదాకా ప్రతి ఆదివారం ఆ మలుపు నుంచి బండి తనే లాగాడు.

ఇప్పటికీ మా ఊళ్లో బాప్తిస్మం తీసుకున్న మగాడు మొదటి ఆదివారం అక్కణ్ణించి బండి లాగాల్సిందే. పెళ్లాం దిగదు. మరీ బక్కపల్చటి పెళ్లామైతే, వాళ్లమ్మని కూడా ఎక్కించుకుంటుంది.