పండుతో పాటు ఒక ప్రశ్న

ఎర్రకోన అడవిలో జింకలు, ఎలుగుబంట్లు, కొండముచ్చులు ఉండేవి. ఆ కోనలోని ఎత్తయిన చెట్ల మీద కొమ్ముముక్కు పక్షుల గుంపొకటి కాపురం ఉండేది. వాటి ముక్కు మీద ఇంకో ముక్కు మొలిచినట్టు పెద్ద కొమ్ము ఉంటుంది.

ఆ పక్షులకు ఒక ఆచారం ఉంది. పిల్ల కాస్త ఎదిగాక తల్లి చెట్టుతొర్ర లోంచి బయటికి వచ్చేస్తుంది. పిల్ల తొర్ర నోటిని లోపలినుంచి మట్టితో తానే మూసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. అమ్మానాన్నలు ఆ సందులోంచే పళ్ళు అందిస్తారు. రెక్కలు గట్టిపడ్డాక పిల్లే గోడ పగలగొట్టుకుని బయటికి రావాలి. వానలకు ముందు ఒక ఉదయం, పెద్దలందరూ చూస్తుండగా లోయ దాటాలి. దాటినవాళ్ళు గుంపుతో కలిసి అవతలి కొండకు వెళ్తారు.

గుంపుకు ముందు ఎగిరేవాడు గురవన్న. పదేళ్ళుగా ఆ చోటు ఆయనదే. ఆయన భార్య పోలమ్మ. వాళ్ళకు లేక లేక కలిగిన కూతురు రేల. ఆ ఏడు లోయ దాటాల్సిన పిల్లల్లో రేల కూడా ఉంది.

"నా కూతురు అందరికంటే ముందు దాటుతుంది, చూస్తూ ఉండండి" అని గురవన్న అడిగినవాళ్ళకీ చెప్పాడు, అడగనివాళ్ళకీ చెప్పాడు.

నిజం చెప్పాలంటే గురవన్నకు పిల్లంటే ప్రాణం. రోజూ పొద్దున్నే ఏడు వాగులు దాటి వెళ్ళి, బాగా మాగిన మేడిపళ్ళు ఏరి తెచ్చేవాడు. కానీ ఒట్టి పండు ఏనాడూ ఇవ్వలేదు. పండుతో పాటు ఒక ప్రశ్న ఇచ్చేవాడు.

"రెక్క ఈకలు ఎన్ని వచ్చాయమ్మా?"

"ఆరు, నాన్నా."

"నిన్నా ఆరే అన్నావు. నా వెనకే ఎగిరే చెన్నప్ప కొడుక్కి ఎనిమిదట."

మర్నాడు ఇంకో పండు, ఇంకో ప్రశ్న. రేల పండు అందుకునేది కానీ, అది గొంతు దిగేది కాదు.

పోలమ్మ తీరు వేరు. పండు అందించి సందు పక్కనే కాసేపు కూర్చునేది. వాగులో నీళ్ళు తగ్గాయనీ, ఉడుతమ్మ పిల్లల్ని పెట్టిందనీ కబుర్లు చెప్పేది. ఆమె తెచ్చిన పళ్ళను రేల ఒక్కటీ మిగల్చేది కాదు.

ఇది గురవన్న కంటపడింది. ఆయనకు ఒళ్ళు మండింది.

"నీ కబుర్లతోనే పిల్ల వెనకబడింది. ఇకమీదట పళ్ళు నేనే తెస్తాను. నువ్వీ చెట్టు వైపు రాకు" అన్నాడు.

"పళ్ళు తెస్తోంది దాని ఆకలి కోసమా, నీ పేరు కోసమా?" అని అడిగింది పోలమ్మ.

గురవన్న వినిపించుకోలేదు. ఆ రోజు నుంచి ప్రశ్నలు రెట్టింపయ్యాయి.

లోయ దాటే రోజు ఇంకా మూడు రోజులుందనగా, గురవన్న పండు తెచ్చేసరికి సందు కనబడలేదు. రేల దాన్ని కూడా లోపలినుంచి మట్టితో పూడ్చేసింది.

"రేలా, తెరువమ్మా" అన్నాడు. జవాబు లేదు. గద్దించాడు, బతిమాలాడు. మర్నాడూ అంతే. తిండి లేకుండా పిల్ల ఎన్నాళ్ళు బతుకుతుంది? గురవన్న గబగబా ఎగిరి వెళ్ళి పోలమ్మను పిలుచుకొచ్చాడు.

పోలమ్మ గోడకు చెవి ఆనించి పిలిచింది. చాలాసేపటికి లోపలినుంచి సన్నటి గొంతు వినిపించింది.

"అమ్మా, నాన్న ఉన్నాడా?"

"ఉన్నాడమ్మా."

మళ్ళీ మాట లేదు.

గురవన్న గోడ పొడవడానికి ముక్కెత్తాడు. పోలమ్మ అడ్డంగా నిలబడింది.

"పగలగొట్టకు. ఈకలు నిండని పిల్ల ఇంత ఎత్తు నుంచి పడితే మనకు దక్కదు. ఆ గోడ లోపలినుంచే తెరుచుకోవాలి."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"కూర్చో. ఏమీ అడగకు."

గురవన్న కూర్చున్నాడు. ప్రశ్నలు పక్కన పెడితే కూతురితో చెప్పడానికి తన దగ్గర ఒక్క మాట కూడా లేదని అప్పుడు తెలిసింది. ఆయనకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

లోయ దాటే ఉదయం వచ్చింది. గుంపు పెద్ద వచ్చి, "గురవన్నా, పొద్దెక్కుతోంది. నువ్వు రాకపోతే ముందెగిరే చోటు చెన్నప్పకు ఇవ్వాలి. మళ్ళీ అడిగితే రాదు" అన్నాడు.

గురవన్న ఒకసారి లోయ వైపు చూశాడు. ఒకసారి మట్టిగోడ వైపు చూశాడు.

"చెన్నప్పకే ఇవ్వండి" అన్నాడు.

గుంపు లోయ మీదుగా ఎగిరిపోయింది. రెక్కల చప్పుడు తగ్గాక గురవన్న గోడ దగ్గరికి జరిగాడు.

"రేలా, గుంపు వెళ్ళిపోయింది. అమ్మా నేనూ ఇక్కడే ఉన్నాం. పండు తెచ్చాను. నువ్వు తింటే చాలు."

కాసేపటికి మట్టి రాలింది. చిన్న సందు తెరుచుకుంది. కానీ ముక్కు బయటికి రాలేదు.

"నాన్నా, నేను ఎప్పటికీ లోయ దాటలేకపోతే?"

గురవన్న పండును సందు దగ్గరికి జరిపాడు.

"అప్పుడూ పొద్దున్నే పండు తెస్తానమ్మా" అన్నాడు.

రేల పండు అందుకుంది. తిన్నది. ఇంకోటి అడిగింది. పోలమ్మ కొమ్మ మీద కూలబడి తనివితీరా ఏడ్చింది.

వానలు మొదలయ్యాక ఒక రోజు రేల తన గోడ తానే పగలగొట్టుకుంది. మొదట పక్క చెట్టు దాకా ఎగిరింది. కొన్నాళ్ళకు, అమ్మానాన్నలు తప్ప చూసేవాళ్ళెవరూ లేని ఒక ఉదయం లోయ దాటింది. ముగ్గురూ వెళ్ళి గుంపును కలుసుకున్నారు.

గుంపుకు ముందు ఇప్పుడు చెన్నప్ప ఎగురుతున్నాడు. గురవన్న అందరికంటే వెనక, కూతురి రెక్క పక్కన ఎగురుతున్నాడు. ఆకలితో మాడిన రోజుల్లో మొలిచిన ఈకల మీద రేలకు తెల్లటి గీతలు పడ్డాయి. పాత ఈక రాలి కొత్తది వచ్చేదాకా ఆ గీత పోదు. అవి తాను గీసినవేనని గురవన్నకు తెలుసు. రోజూ వాటిని చూస్తూనే ఎగిరాడు.

నీతి: పరీక్షల కాలంలో పిల్లలకు కడుపునిండా పెట్టి, పక్కన కూర్చోండి. దాటినా దాటకపోయినా మీ ప్రేమలో తేడా రాదని వాళ్ళకు తెలియనివ్వండి.