మూడుసార్లు కూల్చిన గోడ

అనగనగా ఒక రాజ్యం. రాజుగారి సంగతి తర్వాత. ముందు మేస్త్రి గవరమ్మ సంగతి.

ఇళ్లు కట్టించడం గవరమ్మ వృత్తి. పన్నెండుమంది తాపీ పనివాళ్లు ఆమెను నమ్ముకుని ఉండేవారు. రెండు నెలలుగా ఎక్కడా పని లేదు. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే అందరూ తలో దిక్కూ పోవలసిందే.

అంతలో రాజుగారు చాటింపు వేయించారు. "నూరు ధాన్యపు కొట్లు కట్టాలి. మేస్త్రీలు పది రోజుల్లో తలా ఒక గోడ కట్టి చూపండి. మంచి గోడ కట్టినవారికే పని."

గవరమ్మ, ఆమెతో పోటీకి వచ్చిన పైడయ్య అనే మేస్త్రి పక్కపక్కనే మొదలుపెట్టారు.

రెండోనాడు గవరమ్మ తూకం గుండు వేలాడదీసి చూసింది. గోడ బొటనవేలంత ఒరిగింది. "తీసెయ్యండి" అంది.

నాలుగోనాడు మూలలో ఇటుకల అతుకు మీద అతుకు పడింది. అలా పడితే గోడ అక్కడే చీలుతుంది. మళ్లీ తీయించింది.

పైడయ్య పకపకా నవ్వాడు. "గవరమ్మక్కా, కడుతున్నావా, పీకుతున్నావా?"

"రెండూను. నీ గోడ చూసుకో, తమ్ముడూ."

ఏడోనాటికి గోడ తలెత్తు లేచింది. గవరమ్మ పక్కన పేర్చి ఉన్న ఇటుకల్లో ఒకటి తీసి నీళ్లతొట్టిలో వేసింది. బుడబుడమని బుడగలొచ్చాయి. ఆమె ముఖం మారిపోయింది.

"ఇటుకలు నానబెట్టలేదా, అప్పలస్వామీ?"

ముసలి అప్పలస్వామి నసిగాడు. "బావి దూరం కదమ్మా. పైపైన చల్లాం. ఇంక మూడు రోజులే ఉన్నాయి. చూసేవాళ్లకేం తెలుస్తుంది? ఈ పని పోతే మేమెక్కడికి పోతాం తల్లీ?"

గవరమ్మ పలుగు అందుకుంది.

"ఎండు ఇటుక సున్నంలోని తడి తాగేస్తుంది. గోడ పట్టు పట్టదు. నీళ్లు నేనూ మోస్తాను, పదండి." మొదటి దెబ్బ తనే వేసింది.

పదోనాడు రాజుగారు వచ్చారు. పైడయ్య గోడ నిలువెత్తున నున్నగా ఉంది. గవరమ్మది నడుమెత్తు గోడ, పక్కన ఇటుక ముక్కల కుప్ప.

"ఇంతేనా అమ్మా?"

"ఇంతే ప్రభూ. మూడుసార్లు పడగొట్టాను."

"ఎవరు పడగొట్టమన్నారు?"

"ఎవరూ అనలేదు. పని బాగా రాలేదు."

రాజుగారు పైడయ్య వైపు తిరిగారు. "నువ్వెన్నిసార్లు పడగొట్టావయ్యా?"

"ఒక్కసారీ లేదు ప్రభూ! నా చేతిలో తప్పు జరగదు."

రాజుగారు పైడయ్య గోడలో ఒక ఇటుక పట్టి లాగారు. అది ఊడి చేతికొచ్చింది. సున్నం పొడిపొడిగా రాలింది. గవరమ్మ గోడను రెండు చేతులా లాగినా ఇటుక కదలలేదు.

"కొట్ల పని నీదే, గవరమ్మా" అన్నారు.

గవరమ్మ దణ్ణం పెట్టి, తన వాళ్ల వైపు తిరిగింది. "నిలబడి చూస్తారేం? తొట్టి నింపండి."

తన తప్పును తానే కూల్చుకోగలిగిన వారి పనే నిలుస్తుంది.