ఐదేసి చింతగింజలు

ఉత్తియుడికి ఒళ్ళు మండిపోతోంది. కొండమీది ఆరామంలో గొంతు మారుతున్న వయసు కుర్ర భిక్షువులు పన్నెండుమందిని అతని చేతిలో పెట్టి ఏడాదైంది. ఇన్నాళ్ళకు వాళ్ళలో నందకుడు తిండి మానేశాడు. నాలుగు రోజులుగా భిక్షాన్నం కాకులకు వేసేస్తున్నాడు. ఏమైందిరా అంటే "ఏం లేదు ఆచార్యా" అంటాడు. ఇలాగే సాగితే మంచం పట్టడం ఖాయం.

ఇలాంటివి ముందే కనిపెట్టాలనే కదా, అంత తంటాలుపడి తను మనసుకో కొలత తయారుచేసింది! ఒక్కొక్కడి ముందూ ఒక మట్టి మూకుడు, గుప్పెడు చింతగింజలు. నీ ఆలోచనలు నీ మాట వింటాయని నమ్ముతావా? దిగులు వస్తే దులిపేసుకోగలవా? ఈ వారం మనసు హాయిగా ఉందా? ప్రతి ప్రశ్నకూ, ఎంత అవుననిపిస్తే అన్ని గింజలు వేయాలి. ఐదుకు మించకూడదు.

మొదటి వారం ఇద్దరు ఒక్కో గింజే వేశారు. ఉత్తియుడు వాళ్ళను కూర్చోబెట్టి, కాళ్ళు తిమ్మిరెక్కేదాకా చిత్తనిగ్రహం గురించి బోధించాడు. ఆ మరుసటి వారం నుంచి ఏ ప్రశ్నకైనా, ఏ మూకుట్లోనైనా ఐదే గింజలు. నిన్న నందకుడి మూకుట్లోనూ ఐదే.

గింజల సంచీ పట్టుకుని తన గురువు భద్దియ స్థవిరుల దగ్గరికి విసవిసా వెళ్ళాడు. ఆయన చిరిగిన చీవరానికి మాసిక వేసుకుంటున్నారు.

"విసిగిపోయాను భంతే. పన్నెండుమందీ కూడబలుక్కుని అబద్ధమాడుతున్నారు. ఇంకో పది ప్రశ్నలు చేర్చమంటారా? గింజలు పదికి పెంచమంటారా?"

స్థవిరులు తలెత్తి అతని మొహం చూశారు. "నీకెలా ఉంది నాయనా?"

"నాకేం భంతే, బాగానే ఉంది," అన్నాడు ఉత్తియుడు, పళ్ళు బిగించి.

ఆయన సంచీలో చెయ్యి పెట్టి, ఒక్కొక్కటిగా ఐదు గింజలు తీసి అతని అరచేతిలో పెట్టారు.

ఉత్తియుడు గింజల వంక చూశాడు. "మూడు రాత్రులుగా నిద్ర లేదు భంతే. నందకుడికేమైనా అయితే వాళ్ళమ్మకు నేనేం చెప్పను?"

ఇక బోధ మొదలవుతుందని తల వంచుకున్నాడు. స్థవిరులు చాప మీద కాస్త పక్కకు జరిగి చోటిచ్చారు. ఉత్తియుడు కూర్చున్నాడు. ఆయన మళ్ళీ సూది అందుకున్నారు.

కాసేపటికి లేచి వెళ్ళాడు. వెనకగోడ దగ్గర నందకుడు కాకులకు మెతుకులు విసురుతున్నాడు. ఆచార్యుణ్ణి చూసి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. ఉత్తియుడు భిక్షాపాత్ర ఊసెత్తలేదు. వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"మూడు రాత్రులుగా నాకు నిద్ర పట్టట్లేదురా," అన్నాడు.

మంచిమాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేశాడు. కాకులు ఆఖరి మెతుకు కూడా ఏరుకుని ఎగిరిపోయాయి.

"నాకు తొమ్మిది," అన్నాడు నందకుడు.