కాటమ్మ చుక్కల బొంత

చాకిరేవు గట్టున ఒక నేరేడు చెట్టు. ఆ చెట్టు మీద కాటమ్మ అనే కాకి కాపురం. రేవు పక్కనే ఇల్లు కదా, ఆవిడకి గింజల కంటే గుడ్డపేలికల మీదే ఆశ ఎక్కువ. బండ మీద ఎవరి పంచె చిరిగినా, ఎవరి రైక చేతులు ఊడినా, సాయంత్రానికల్లా ఆ ముక్క కాటమ్మ గూట్లో ఉండేది. "దీని కాకిబుద్ధి పోదర్రా" అని తక్కిన పక్షులు నవ్వుకునేవి.

కాకిపిల్ల కాకికి ముద్దంటారు. మన కాటమ్మకి కోకిలపిల్ల ముద్దు. కిందటేడు ఏ కోకిలో దొంగచాటుగా తన గూట్లో పెట్టిపోయిన గుడ్డుని తనదే అనుకుని పొదిగింది. పుట్టిన పిల్లకి బంగారి అని పేరు పెట్టుకుంది. పిల్ల ఒంటినిండా తెల్లచుక్కలు రాగానే లోకానికి సంగతి తెలిసిపోయింది, కాటమ్మకీ తెలిసింది. తెలిస్తే మాత్రం? తన నోటి ముద్ద పెట్టి పెంచిన పిల్ల పరాయిది ఎట్లా అవుతుంది చెప్పండి! రెక్కలొచ్చాక ఒకనాడు అవతలి మామిడితోపులో మగకోకిల కూసింది. బంగారి ఒక్కసారి మెడ తిప్పి విని, అటే ఎగిరిపోయింది. వెళ్ళొస్తానమ్మా అని కూడా అనలేదు.

ఆనాటి నుంచి కాటమ్మకి మెతుకు సయించలేదు. తోపుకి పోయి చూద్దామంటే, కాకి నీడ పడగానే కోకిలలన్నీ ఆకుల్లో దాక్కునేవి. మాఘమాసంలో మామిళ్ళు పూత పట్టేసరికి బెంగ మరీ ముదిరింది. ఇక ఉండబట్టలేక, పక్క కొమ్మ మీద ఆకులు కుట్టుకుని కాపురముంటున్న కుట్టుపిట్ట ఈరమ్మని పిలిచింది.

"ఈరమ్మా, నాకొక బొంత కుట్టిపెట్టవే. గూట్లో పరుస్తాను. మెత్తటి చోటుందని తెలిస్తే నా బంగారి ఒక్క పూటయినా వచ్చి వాలుతుంది."

"వస్తుందంటావా అక్కా?"

"రాకపోతే నా బతుకెందుకే! దాన్ని ఒక్కసారి చూడాలి. అంతే, ఇంకేమీ వద్దు."

కాటమ్మ గుడ్డలన్నీ కొమ్మ మీద పరిచింది. "ఇదిగో పొత్తిగుడ్డ. బంగారి గుడ్డులో ఉన్నప్పుడు దీని మీదే ఉంది. ఈ గళ్ళ లుంగీముక్క మీద నేరేడుపండు కక్కింది, చూడు మరక. ఈ నీలంరైక ముక్క నోట కరుచుకుంటేగాని నిద్రపోయేది కాదు."

ఈరమ్మ ఒక్కో ముక్కనీ ముక్కుతో నలిపి చూసింది. "మంచి గుడ్డలక్కా. ఉతికి ఉతికి వెన్నముద్దలయ్యాయి. ఇక కుంచించుకుపోయేదీ లేదు, రంగు వదిలేదీ లేదు. మరి పైన ఏం కుట్టు వెయ్యమంటావు? అలలా, గళ్ళా, మామిడిపిందెలా?"

"చుక్కలు వెయ్యి. నా పిల్ల ఒంటి మీద ఉన్నట్టే, తెల్లదారంతో, దగ్గర దగ్గరగా."

"అట్లాగే. నడుమ మొదలెట్టి అంచులకి పోతాను. అంచుల్లో మొదలెడితే నడుమ ఉబ్బి కూర్చుంటుంది. నేను పోయి బూరుగుదూది తెస్తా, ఉండు."

ఈ మాటలన్నీ పైకొమ్మ మీద తిమ్మన్న అనే కోతి విననే విన్నాడు. ఇల్లు కట్టుకోవడం చేతకాదు గానీ, చలికాలమంతా వణికి వణికి అతగాడికి మెత్తటి గుడ్డ విలువ బాగా తెలిసొచ్చింది. ఈరమ్మ అటు ఎగిరిందో లేదో, ఇటు దిగాడు.

"ఇదేమిటత్తా! బంగారి ఇప్పుడు ఎక్కడ ఉంటోంది? దొరగారి మామిడితోపులో! అట్లాంటి పిల్లని పిలిచి లుంగీముక్క మీద పడుకోమంటావా? నలుగురూ నవ్వితే అది మళ్ళీ నీ గడప తొక్కుతుందా?"

కాటమ్మ తన గుడ్డల వంక చూసుకుంది. "మరి నన్నేం చెయ్యమంటావు తిమ్మన్నా?"

"నా దగ్గర జాతరలో దొరికిన ఎర్రపట్టు ఉంది. కొత్తది, నీటిబొట్టు కూడా పడలేదు. ఏదో నీ మీద జాలికొద్దీ ఇస్తున్నా. ఆ పేలికలు ఇటు పడెయ్యి, నేనే ఎక్కడో పారేస్తాలే."

ఆశ పెద్దదైనప్పుడు బుద్ధి చిన్నదవుతుంది. కాటమ్మ మూటంతా ఇచ్చేసింది. ఈరమ్మ దూదితో తిరిగొచ్చి ఆ ఎర్రగుడ్డ చూసి తల పట్టుకుంది.

"ఎంత పని చేశావక్కా! కొత్తబట్టని తడిపి ఆరెయ్యకుండా బొంతలో వేస్తారా ఎవరైనా?" అంటూ దాని అంచు ఒకటి రేవులో ముంచింది. నీళ్ళు కుంకుమ కలిపినట్టయ్యాయి. కుట్టు వేసి చూస్తే, ముక్కుతో పొడిచిన బొక్క పూడకుండా అట్లాగే ఉండిపోయింది. "మంచు పడితే చాలు, నీ పిల్ల ఒళ్ళంతా ఈ రంగే. రెండు రోజుల్లో కుట్లన్నీ విచ్చుకుంటాయి."

కాటమ్మ బావురుమంది. "రంగు పోతే పోయిందే! నా బిడ్డ వాసన ఉన్న గుడ్డలు చేజేతులా వాడికి ఇచ్చుకున్నానే!"

"ఏడుపు ఆపక్కా. కోతికి తన చేతిలోది ఎప్పుడూ రుచించదు, పక్కవాళ్ళ చేతిలోదే కావాలి. నేను చెప్పినట్టు చెయ్యి."

మర్నాడు పొద్దున్నే ఎర్రపట్టుని అందరికీ కనబడేట్టు ఎండలో ఆరేశారు. అది ధగధగా మెరిసింది.

"ఈరమ్మా, చుట్టుకుంటే ఎంత హాయిగా ఉందే! చెట్టుకే కళ వచ్చింది!" అని అరిచింది కాటమ్మ.

"నెమ్మదిగా అక్కా! తిమ్మన్న విన్నాడంటే వెనక్కి అడుగుతాడు. పేలికలకి పట్టు ఇచ్చుకున్నాడు, పాపం, పిచ్చిమాలోకం!"

బండ మీద పాతగుడ్డలు పరుచుకుని పడుకున్న తిమ్మన్న ఒక్క గంతులో వచ్చి పడ్డాడు. "నా గుడ్డ నాకిచ్చెయ్యండి!"

"అదేమిటి నాయనా, మాట తప్పుతావా?"

"మాటా లేదు మూటా లేదు. ఇవిగో మీ పేలికలు!"

పేలికలు విసిరికొట్టి, పట్టు లాక్కుని, ముఖానికీ నడుముకీ చుట్టుకుని ఊరంతా ఊరేగాడు. ఆ సాయంత్రమే అకాలవాన పడింది. అప్పటి నుంచే కోతికి ముఖమూ పిర్రలూ ఎర్రగా ఉన్నాయంటారు. నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం.

బొంత తయారైంది. గూట్లో పరిచి కాటమ్మ దారి చూసింది. పూత రాలింది, పిందెలు కాయలయ్యాయి, బంగారి రాలేదు. వైశాఖంలో కాటమ్మ ఆ బొంత మీదే తన గుడ్లు తాను పెట్టుకుంది. తోపులో కోకిల కూసినప్పుడల్లా మెడ చాచి వినేది.

ఒక మధ్యాహ్నం ఎదుటి వేపచెట్టు మీద నల్లటి మగకోకిల వాలి, రమ్మని సవాలు చేసినట్టు కూసింది.

ఈరమ్మ పరుగున వచ్చింది. "కదలకక్కా! వీడు నిన్ను దూరం తీసుకుపోతాడు. ఈలోగా వీడి పెళ్ళాం నీ గూట్లో దూరి గుడ్డు పెట్టిపోతుంది. వాళ్ళు ఎప్పుడూ ఆడే నాటకమే ఇది!"

కాటమ్మ పక్కకి చూసింది. గుబురాకుల్లో ఒక పిట్ట నక్కి ఉంది. ఒంటినిండా తెల్లచుక్కలు. తన బంగారే! భయంతో గుండె కొట్టుకోవడం ఇక్కడికి కనిపిస్తోంది. కాటమ్మ పిలవబోయి నోరు మూసుకుంది. పిలిస్తే ఎగిరిపోతుంది.

"కావు కావు, ఉండరా నీ పని చెబుతా!" అని పెద్దగొంతుతో అరుచుకుంటూ మగకోకిల వెంట పడింది. చెరువు దాటిపోయింది, పొలాలు దాటిపోయింది. కోకిల అలిసి ఎక్కడో ఆగిపోయినా, కాటమ్మ ఇంకా ముందుకే పోయింది. తిరిగి రావడం మాత్రం మెల్లగా, దారిలో ప్రతి చెట్టు మీదా వాలుతూ వచ్చింది.

గూట్లో తన గుడ్ల పక్కన ఇంకొకటి, కాస్త చిన్నది. దాని పక్కన బొంత ఒత్తుకుపోయి, ఇంకా వెచ్చగా ఉంది. కాటమ్మ ఆ వెచ్చదనం మీద చెంప ఆనించి చాలాసేపు ఉండిపోయింది.

వేపచెట్టు మీద నుంచి తిమ్మన్న ఎర్రమూతి పెట్టుకుని పకపకా నవ్వాడు. "నన్ను మోసం చేశావు కదత్తా! ఇప్పుడు నిన్ను వెర్రిముండని చేసి ఆ పిల్ల ఎట్లా మోసం చేసిందో చూశావా? నేను చూశాగా!"

"నువ్వు చూశావా నాయనా!" కాటమ్మ గబుక్కున తలెత్తింది. "చిక్కిందా? బాగానే ఉందా? ఎంతసేపు కూర్చుంది?"

తిమ్మన్నకి నవ్వు ఆగిపోయింది. బుర్ర గోక్కుంటూ కొమ్మ దిగి వెళ్ళిపోయాడు. కాటమ్మ రెక్కలు విప్పి అన్ని గుడ్లనీ పొదుగుతూ కూర్చుంది.

తెలిసి మోసపోయే తల్లిని ఓడించగల జిత్తులమారి ఇంకా పుట్టలేదు.